చిన్న చెక్క పనులకి 23 గేజ్ పిన్ గన్ సరిపోతుందా, ఎఫ్30 గన్నే కొనాలా?

చెక్కపొడి
అందరికీ నమస్తే. సెలవు రోజుల్లో ఇంట్లో చిన్న చిన్న చెక్క పనులు చేస్తుంటాను. ఇప్పుడు అమ్మ కోసం గోడకి తగిలించే పూజా మందిరం మొదలుపెట్టాను, 12 ఎంఎం ప్లైతో పెట్టె, అంచులకి 6 ఎంఎం మందం టేకు బీడింగ్ (అంచు కప్పే సన్న చెక్క పట్టీ). హెడ్‌లెస్ మేకులు సుత్తితో కొడుతుంటే బీడింగ్ చివర్లలో చీలిపోతోంది. ముందు సన్న డ్రిల్ వేసి కొడితే చీలడం లేదు గానీ, సుత్తి దెబ్బకి ముక్క కదిలి మూల దగ్గర 45 డిగ్రీల కోతలో సందు వచ్చేస్తోంది. గాలితో కొట్టే పిన్ గన్ కొందామంటే షాపులో అందరూ ఎఫ్30 (కొంచెం లావు మేకులు కొట్టే గన్) తీసుకోమంటున్నారు. 23 గేజ్ పిన్ అంత సన్నగా ఉంటే అసలు పట్టు ఉంటుందా? ఇంకోటి, కారు టైర్లకి గాలి కొట్టే చిన్న పంపు ఉంది, దాని మీద 150 పీఎస్ఐ (గాలి ప్రెషర్ కొలత) అని రాసుంది, దానితో నడుస్తుందా? మాది అపార్ట్‌మెంట్, చప్పుడు కూడా చూసుకోవాలి.

బాడిస
మీ పనికి పిన్ గన్నే కరెక్ట్ అండి. గేజ్ నంబరు పెరిగేకొద్దీ మేకు సన్నబడుతుంది. ఎఫ్30 అంటే 18 గేజ్, ఆ మేకు సుమారు 1.25 ఎంఎం వెడల్పు ఉంటుంది, చిన్న తల కూడా ఉంటుంది. సన్న టేకు బీడింగ్ చివర కొడితే అది కూడా చీల్చే అవకాశం ఉంది, పైగా దాని గుంత పుట్టీతో నింపాల్సిందే. 23 గేజ్ పిన్ 0.6 ఎంఎం చిల్లర, తల ఉండదు, పాలిష్ అయ్యాక ఎక్కడ కొట్టారో వెతుక్కోవాలి.

పట్టు సంగతి. పట్టు ఫెవికాల్‌ది, పిన్‌ది కాదు. ఫెవికాల్ ఆరేదాకా ముక్క జరగకుండా చూడటమే పిన్ పని, దాన్ని అంతవరకే నమ్మండి. రెండు పిన్నులు ఒకదానికొకటి ఎదురుగా కొంచెం ఏటవాలుగా కొడితే బీడింగ్ పైకి లేవదు, నిటారుగా కొట్టినదానికంటే బాగా బిగుస్తుంది. పొడవు విషయంలో, 6 ఎంఎం బీడింగ్ ప్లై అంచులోకి పోవాలంటే 18 లేదా 20 ఎంఎం పిన్ చాలు.

ఇంకో ఉపయోగం చాలామంది పట్టించుకోరు. ఫెవికాల్ రాసిన రెండు ముక్కలకి క్లాంపు బిగిస్తే జారిపోతాయి కదా, ముందు రెండు పిన్నులు కొట్టి తర్వాత క్లాంపు వేయండి, పెట్టిన చోటు నుంచి కదలవు. నాకైతే పిన్ గన్ కొన్నందుకు అసలు ఫలితం ఇదే అనిపిస్తుంది.

టైర్ల పంపు పనికిరాదు. ప్రెషర్ ఉన్నా ట్యాంక్ లేదు, గన్‌కి కావలసింది ట్రిగ్గర్ నొక్కగానే ఒక్కసారిగా వచ్చే గాలి. ఆయిల్ లేని సైలెంట్ రకం కంప్రెసర్, 24 లీటర్ల ట్యాంక్‌ది తీసుకోండి. పిన్ గన్ తాగే గాలి చాలా తక్కువ, ఒకసారి ట్యాంక్ నిండితే మోటారు మాటిమాటికీ లేవదు, కాబట్టి పక్కింటివాళ్లతో ఇబ్బంది ఉండదు.

ఉలి_సుత్తి
నేను షాపువాళ్ల వైపే. ఒక్క గన్నే కొనే బడ్జెట్ అయితే ఎఫ్30 కొనండి బ్రో, పెట్టె వెనక ప్లై, సొరుగు అడుగు, ఫ్రేము వెనక అట్ట అన్నీ దానితో అయిపోతాయి. మేకులు ఏ ఊళ్లో అయినా దొరుకుతాయి, 23 గేజ్ పిన్నులకి మాత్రం సికింద్రాబాద్ రాణిగంజ్ లాంటి హార్డ్‌వేర్ షాపులుండే చోటికి వెళ్లాలి లేదా ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి. బీడింగ్ ఒక్కదాని కోసం ప్రత్యేకంగా గన్ ఎందుకు?

సాగరతీరం
బీడింగ్, ఫ్రేములు, చిన్న డబ్బాలు, ఆయన చేసేవన్నీ సన్న పనులే కదా అన్నా. పైగా పిన్ తప్పు చోట పడితే ముక్క విడదీసి అవతలి వైపు నుంచి కటింగ్ ప్లేయర్‌తో లాగేయొచ్చు, తల లేదు కాబట్టి పైన ముఖం పాడవదు. 18 గేజ్ మేకుకి చిన్న తల ఉంటుంది కాబట్టి అంత శుభ్రంగా రాదు.

ప్రెషర్ 70 పీఎస్ఐ దగ్గర మొదలుపెట్టి అదే టేకు తుక్కు ముక్క మీద చూసుకుంటూ పెంచండి, గన్ మీద రాసిన గరిష్ఠం దాటొద్దు. పిన్ పై కొస చెక్కలోకి దిగకుండా బయటికి నిలబడితే ప్రెషర్ చాలలేదని అర్థం. మెత్తటి చెక్కలో మరీ లోపలికి పోతుంటే తగ్గించండి.

జాగ్రత్త గురించి గట్టిగా చెప్తాను. సన్న పిన్ గట్టి పోగు తగిలితే దారి మార్చుకుని పక్క నుంచి బయటికి వస్తుంది, కాబట్టి ముక్క పట్టుకున్న చేయి పిన్ పొడవుకంటే బాగా దూరంగా ఉండాలి. చాలా పిన్ గన్లకి ముక్కు దగ్గర ఆనిస్తేనే పేలే సేఫ్టీ ఉండదు, ట్రిగ్గర్ దగ్గర ఇంకో లాక్ మాత్రమే ఉంటుంది, అంటే గాలిలో కూడా పేలుతుంది. కళ్లద్దాలు తప్పనిసరి. పిన్ ఇరుక్కుంటే ముందు గాలి పైపు ఊడదీయండి, తర్వాతే ముట్టుకోండి.

మాది సముద్రం పక్క ఊరు, గాలిలో తేమ ఎక్కువ, పని అయ్యాక ట్యాంక్ అడుగు వాల్వు తిప్పి నీళ్లు వదిలేస్తాను. గన్ మాన్యువల్‌లో ఆయిల్ వేయమని ఉంటే పని మొదలయ్యే ముందు గాలి ఎక్కే చోట ఒకటి రెండు చుక్కలు వేయండి.

చెక్కపొడి
చాలా థాంక్స్ అండి అందరికీ. పిన్ గన్ వైపే మొగ్గుతున్నాను. మందిరం పెట్టె మూలలు కూడా పిన్ + ఫెవికాల్ సరిపోతుందా? లోపల ఇత్తడి విగ్రహాలు ఉంటాయి, బరువే.

బాడిస
వద్దండి, అక్కడ మాత్రం స్క్రూలే. గోడకి వేలాడే పెట్టె, పైగా బరువు. పిన్నులతో మూలలు నిలబెట్టి, ఫెవికాల్ ఆరకముందే సన్న డ్రిల్ వేసి స్క్రూలు బిగించండి, బీడింగ్ తర్వాత వేస్తే స్క్రూ తలలు దాని కింద దాక్కుంటాయి. పెట్టెని గోడకి తగిలించే అడ్డపట్టీకి కూడా స్క్రూలే. బీడింగ్ అంటించేటప్పుడు బయటికి వచ్చిన ఫెవికాల్ తడిగుడ్డతో అప్పుడే తుడిచేయండి, ఆరిపోతే ఆ చోట పాలిష్ పట్టదు, ఉప్పు కాగితంతో ఎంత రుద్దినా మచ్చలాగే కనిపిస్తుంది.