వీఎంకి (వర్చువల్ మెషీన్, అంటే కంప్యూటర్ లోపల నడిచే ఇంకో కంప్యూటర్) గ్రాఫిక్స్ కార్డు ఇవ్వాలంటే ఏ హార్డ్‌వేర్ ఉండాలి? చేసినవాళ్లు చెప్పండి

రాత్రి_రీబూట్:
వీఎంలు నడిపే ప్రాక్స్‌మాక్స్ వేసి విండోస్ వీఎంకి గ్రాఫిక్స్ కార్డు ఇద్దామని మూడ్రోజుల నుంచి కుస్తీ పడుతున్నా. ప్రాసెసర్ ఐ7 3770కే, 16 జీబీ ర్యామ్. బయాస్‌లో వర్చువలైజేషన్ ఆన్‌లోనే ఉంది, మామూలు వీఎంలు బానే నడుస్తున్నాయి, కార్డు యాడ్ చేసి స్టార్ట్ కొడితే మాత్రం ఐఓఎంఎంయూ లేదు అంటోంది. గ్రబ్‌లో (బూట్ సెట్టింగుల్లో) ఐఓఎంఎంయూ ఆన్ చేసే లైన్ పెట్టా, అప్‌డేట్ కొట్టా, నాలుగుసార్లు రీబూట్ చేశా. ఇంకేం చెయ్యాలి?

సర్వర్_సుబ్బన్న:
ప్రాసెసర్ పేరు చివర్న ఆ కే ఉంది చూడు, ఓవర్‌క్లాక్ చేసుకోవచ్చని గుర్తు, అదే తమ్ముడూ నీ రోగం. నువ్వు ఆన్ చేసింది వీటీ-ఎక్స్, అది వీఎం నడవడానికి. డివైస్‌ని వీఎం చేతికిచ్చెయ్యాలంటే వీటీ-డి కావాలి, ఇంటెల్ వాడు ఐఓఎంఎంయూకి పెట్టుకున్న పేరు అదే. కార్డు ప్రాసెసర్‌ని అడక్కుండా నేరుగా ర్యామ్‌లో రాసేస్తుంది కదా, ఆ వీఎం వాటా దాటి పక్కకి రాయకుండా కాపలా కాసేది ఐఓఎంఎంయూనే. 2600కే, 3770కే, 4770కే మూడిట్లోనూ వీటీ-డి లేదు, కే లేని 3770లో ఉంది. డబ్బులెక్కువ పెట్టినోడికి ఫీచర్ తక్కువ! 4790కేలో మళ్లీ పెట్టారు. బోర్డు బయాస్‌లో వీటీ-డి ఆప్షన్ ఉందో లేదో కూడా చూస్కో.

రాత్రి_రీబూట్:
ఒక్కసారి కూడా ఓవర్‌క్లాక్ చెయ్యలేదు అన్నా దాన్ని 😭

బెజవాడ_బిట్స్:
ఏఎండీకి పోదామనుకునేవాళ్లు ఇది కూడా చదవండి. నాది రైజెన్ 3600, బీ450 బోర్డు, ఐఓఎంఎంయూ ఉంది, అయినా ఏడిపించింది. రెండో స్లాట్ చిప్‌సెట్ మీంచి వస్తుంది, అందులో కార్డు పెడితే సాటా, యూఎస్‌బీ, ల్యాన్ అన్నీ దానితో ఒకే ఐఓఎంఎంయూ గ్రూపులో (విడదీయలేని డివైస్‌ల గుంపు) పడ్డాయి. ఇస్తే గ్రూపు మొత్తం ఇవ్వాల్సిందే. సరే పోనీ అని అన్నీ ఇచ్చేశా, వీఎం స్టార్ట్ అవ్వడం, ఎస్‌ఎస్‌హెచ్ (నెట్‌వర్క్ మీంచి లాగిన్) తెగిపోవడం ఒకేసారి, ల్యాన్ కూడా పోయింది మరి. అటక మీంచి పాత మానిటర్ దించి తగిలించాల్సొచ్చింది. చివరికి కార్డులు రెండూ అటూ ఇటూ మార్చా, పై స్లాట్ నేరుగా ప్రాసెసర్‌దే కాబట్టి కార్డు, దాని ఆడియో తప్ప ఆ గ్రూపులో ఇంకేం లేవు. ఏసీఎస్ ఓవర్‌రైడ్ ప్యాచ్ వేస్తే గ్రూపులు విడిపోయినట్టు కనిపిస్తాయి గానీ నిజంగా విడిపోయినట్టు కాదు, ఇంట్లో ఆటకైతే ఓకే. అందుకే బోర్డు కొనేముందు ఆ మోడల్ గ్రూపులు ఎవరైనా పోస్ట్ చేశారేమో వెతకండి, డబ్బా మీద అయితే ఎక్కడా రాయరు.

పాత_ఇనుము:
ఆర్‌ఎక్స్ 580తో నా బాధ వేరు. వీఎం ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే కార్డు లేవదు, హోస్ట్‌నే (వీఎంలు నడిపే అసలు మెషీన్‌నే) రీబూట్ కొట్టాలి. వెండర్-రీసెట్ మాడ్యూల్ వేశాక తగ్గింది. ఎన్విడియాలో కోడ్ 43 అని ఒకటుండేది, వీఎంలో ఉన్నట్టు పసిగడితే డ్రైవర్ పనిచెయ్యనని ఇచ్చే ఎర్రర్, 2021లో 465 డ్రైవర్ నుంచి ఆ గొడవ లేదు.

మినీపీసీ_అక్క:
ర్యామ్ సంగతి ఎవరూ చెప్పలేదేంటి? డివైస్ ఇచ్చిన వీఎంకి 8 జీబీ రాస్తే స్టార్ట్ అవగానే 8 జీబీ మొత్తం పట్టేసుకుంటుంది, బెలూనింగ్ (వాడని ర్యామ్‌ని వెనక్కి తీసుకోవడం) పనిచెయ్యదు. 16లో 12 ఇచ్చేసి హోస్ట్ ఎందుకు చస్తోందని అడక్కండి, నేను అడిగా 😄 ఇంకోటి, జిగ్బీ డాంగిల్ లాంటి యూఎస్‌బీ వస్తువు ఒక్కటే ఇవ్వాలంటే ఐఓఎంఎంయూ అక్కర్లేదు, దానికోసం ప్రాసెసర్ మార్చకండి.

రాత్రి_రీబూట్:
అప్‌డేట్: కే లేని 3770 సెకండ్‌హ్యాండ్‌లో దొరికింది, నాది అమ్మితే వచ్చిన డబ్బుల్లోనే అయిపోయింది. బయాస్‌లో వీటీ-డి కనిపించింది, కార్డు వీఎంకి వెళ్లింది, హోస్ట్‌కి ఆన్‌బోర్డ్ డిస్‌ప్లే. మానిటర్ ఒక్కటే కదా, ప్రస్తుతానికి కేబుల్ పీకి పెట్టుకుంటూ కూర్చున్నా.