అప్‌డేట్: ఉల్లి వేరు కొనలో విభజన దశలు కనిపించాయి

కణ విభజన చూడడానికి ఉల్లి వేరు కొనతో చేసిన స్లైడులో కణాలు ఒకదానిపై ఒకటి పేరుకుని, అంతర్దశ (కణం ఇంకా విభజన చెందని దశ) తప్ప ఇంకేమీ కనిపించడం లేదని ఇదివరకు అడిగాను కదా. అసలు కిటుకు ఆమ్లం దగ్గరే ఉంది. వేరు కొన 1–2 మి.మీ. మాత్రమే తీసుకుని (పైకి పోతే సాగిన కణాలే వస్తాయి), 1ఎన్ (1 నార్మల్ గాఢత) హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో 60 డిగ్రీల సెల్సియస్ వద్ద 5 నిమిషాలు ఉంచితే కణాలను అతికించే పెక్టిన్ కరుగుతుంది. సమయం తగ్గితే కణాలు విడిపోవు, ఎక్కువైతే కొన ముద్దయిపోతుంది. కడిగాక ఎసిటోకార్మైన్ (క్రోమోసోములకు ఎరుపు రంగు పట్టించే ద్రావణం) వేసి, మరగనివ్వకుండా వెచ్చచేయాలి. కవర్ స్లిప్‌ను నిలువుగానే నొక్కాలి. పక్కకు జరిగితే కణాలు చుట్టుకుపోతాయి. చతురస్రాకార కణాలున్న చోట 400 రెట్లలో చూస్తే ప్రథమదశ (క్రోమోసోములు దట్టమై కనిపించడం మొదలయ్యే దశ) బాగానే దొరుకుతోంది, మధ్యస్థదశ (అవి కణం మధ్యలో వరుసగా చేరే దశ) కొంత. చలనదశ (అవి విడిపోయి కణం రెండు కొనలకు కదిలే దశ) త్వరగా ముగుస్తుంది కాబట్టి దానికి మాత్రం ఓపిగ్గా వెతకాలి.