యోషీయా కాలంలో వచ్చింది ఉజ్జీవమా, రాజాజ్ఞా?

ఒలీవకొమ్మ:
మొన్న ఆదివారం సండే స్కూల్లో పెద్దపిల్లలకు 2 రాజులు 22, 23 అధ్యాయాలు చెప్పాను. మందిరం మరమ్మతుల్లో ప్రధాన యాజకుడు హిల్కీయాకు ధర్మశాస్త్ర గ్రంథం దొరకడం, రాజు లేఖకుడు షాఫాను చదివి వినిపిస్తే యూదా రాజు యోషీయా దుఃఖంతో బట్టలు చింపుకోవడం, జనమంతా నిబంధనకు ఒప్పుకోవడం. ఒక పిల్లాడు లేచి, "టీచర్, రాజు చెప్తే కాదనేదెవరు? అది మారుమనస్సెలా అవుతుంది?" అన్నాడు. ఉజ్జీవమే, అంటే జనం మనసు మారి దేవుని వైపు తిరగడమే అని చెప్పాను, ఇప్పటికీ అదే అంటాను. అంతగా దేవుని వైపు తిరిగిన రాజు ముందూ లేడు, తర్వాతా లేడని 23:25లో ఉంది కదా. మీరేమంటారు?

కరణంగారి మనవడు:
పిల్లాడు మీకంటే బాగా చదివాడు టీచర్ గారూ. 25వ వచనం రాజు గురించి. జనం మనసు మారిందని ఎక్కడుంది? ప్రవక్త్రి హుల్దా కూడా "నీ మనసు మెత్తబడింది, నువ్వు ఏడ్చావు" అని రాజుకే కబురు పంపింది. ఊరి మీదికి రావాల్సిన కీడు మాత్రం ఆగదంది. క్రీ.పూ. 609లో మెగిద్దో దగ్గర ఫరో నెకో చేతిలో యోషీయా పోయాడు, 586లో యెరూషలేము తగలబడింది. యోషీయా రోజుల్లోనే ప్రవక్త యిర్మీయా తన గ్రంథం 3వ అధ్యాయంలో యూదాది పైపై వేషమేనని అన్నాడు. ఇంకేం కావాలి?

నైట్‌డ్యూటీ:
టీ పెట్టుకుని కూర్చున్నా. కానివ్వండి.

మట్టిపలక:
ముందు వరుస తేల్చండి. రాజుల గ్రంథంలో యోషీయా ఏలుబడి 18వ ఏట ధర్మశాస్త్ర గ్రంథం దొరికింది, ఆ తర్వాతే విగ్రహాలు పడగొట్టారు. 2 దినవృత్తాంతములు 34లో పడగొట్టడం 12వ ఏటే మొదలైంది. గ్రంథం వల్ల ఉజ్జీవమా, ఉజ్జీవం వల్ల గ్రంథమా?

ఒలీవకొమ్మ:
అది పెద్ద విషయం కాదు బ్రదర్.
కరణంగారి మనవడు గారూ, జనం మారలేదంటున్నారు కదా, షాఫాను ఇంటిని చూడండి. యోషీయా పోయిన కొన్ని నెలలకు కొడుకు యెహోయాకీము గద్దెక్కాడు. యిర్మీయా మాటలు రాసిన చుట్టను అతని ముందు చదివారు. చలికాలం, ఎదురుగా కుంపటి. మూడు నాలుగు పుటలు చదవగానే చాకుతో కోసి నిప్పుల్లో పడేస్తూ పోయాడు. గ్రంథం వినగానే తండ్రి బట్టలు చింపుకున్నాడు, కొడుకు గ్రంథాన్నే చింపాడు. అయితే అక్కడే షాఫాను కొడుకు గెమర్యా నిలబడి కాల్చొద్దని బతిమాలాడు. యిర్మీయాను చంపబోతే కాపాడిన అహీకామూ షాఫాను కొడుకే. ఉజ్జీవం ఒక ఇంట్లోనైనా రెండో తరానికి దిగింది. ఇది రాజాజ్ఞతో వచ్చేదా?

మట్టిపలక:
షాఫాను కొడుకు గెమర్యాహు పేరున్న మట్టి ముద్ర దావీదు పట్టణం తవ్వకాల్లో దొరికింది. ఇతనిదే అయ్యుండొచ్చు. వరుస సంగతి మాత్రం మీరింకా చెప్పలేదు.

కరణంగారి మనవడు:
ఒక్క ఇల్లు చూపించి ఊరంతా మారిందంటే ఎలా? దినవృత్తాంతాల్లో ఆ 34వ అధ్యాయం చివర క్రియ చూడండి. జనం సేవించారని లేదు, సేవించేలా *చేశాడని* ఉంది. తేడా అక్కడే ఉంది.

ఒలీవకొమ్మ:
నాయకుడు నడిపిస్తే తప్పా?

కరణంగారి మనవడు:
నడిపించడమా? ఉన్నత స్థలాల్లో, అంటే ఊళ్లలోని పూజాస్థలాల్లో ఉన్న యాజకులను యెరూషలేముకు రప్పించి, బలిపీఠం మాత్రం ఎక్కనివ్వలేదు. పులియని రొట్టెలు తింటూ బతకమన్నారు. అది యూదా వాళ్లకు. ఉత్తరాన షోమ్రోను ఊళ్లలో యాజకులనైతే వాళ్ల బలిపీఠాల మీదే చంపించాడు, 23:20. దీన్ని సండే స్కూల్లో చెప్పారా, దాటేశారా?

ఒలీవకొమ్మ:
పిల్లలకు ఏది ఎప్పుడు చెప్పాలో నాకు తెలుసు. ప్రతి ఉజ్జీవం చర్చలోనూ ఇలాగే వస్తారు మీరు. మీ కోపం యోషీయా మీద కాదులెండి, ఇంకెవరి మీదో.

కరణంగారి మనవడు:
అవును, ఉంది. మా అమ్మ ప్రార్థనలకు వెళ్లడం మొదలుపెట్టింది. ఆమె ఇష్టం, ఎవరం ఏమీ అనలేదు. కొన్ని నెలలకు ఇద్దరు పెద్దలు ఇల్లు శుద్ధి చేయాలంటూ వచ్చి, ఇదే 23వ అధ్యాయం చదివి, మా నాయనమ్మ దీపపు కుంది బయట పెట్టించారు. ఇత్తడిది, అంచు దగ్గర సొట్ట. అది ఆమె పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. ఆమె ఏ సంఘంలోనూ చేరలేదు. మంచంలోంచి లేవలేని మనిషి కాబట్టి చూస్తూ పడుకుంది.

నైట్‌డ్యూటీ:
అయ్యో.

ఒలీవకొమ్మ:
అది తప్పే, నేను సమర్థించను. కానీ యోషీయా తన అధికారం ఉన్న చోట, దేవుని మందిరంలో నుంచి విగ్రహాలను తీసేశాడు. పెద్దావిడ మంచం పక్క నుంచి కాదు.

కరణంగారి మనవడు:
బేతేలు ఎవరిది మరి? ఉత్తర రాజ్యమైన ఇశ్రాయేలుది, అది క్రీ.పూ. 722లోనే పడిపోయింది. ఆ ఊరు యూదాది కాదు. అక్కడి సమాధులు తవ్వించి ఎముకలు కాల్చాడు. నా ప్రశ్న మొదట్నుంచీ ఇదే టీచర్ గారూ. నా పాపానికి నేను ఏడిస్తే పశ్చాత్తాపం. మీ ఇంట్లో వస్తువుకు నేను ఏడిస్తే దాన్నేమంటారు?

తాటిమట్ట:
అందుకే నాకు నెహెమ్యా 8 ఇష్టం. జనమే నీటి గుమ్మం దగ్గర చేరి, గ్రంథం తెమ్మని ఎజ్రాను అడిగారు. విని ఏడుస్తుంటే లేవీయులు ఏడవొద్దన్నారు. వెళ్లి తినండి, తాగండి, లేనివాళ్లకూ పంపండి అన్నారు. ఎవరూ ఎవరింట్లోకీ దూరలేదు.

కరణంగారి మనవడు:
13వ అధ్యాయం దాకా వెళ్లండి. అదే నెహెమ్యా అన్యజాతి స్త్రీలను పెళ్లాడిన వాళ్లను కొట్టి జుట్టు పీకాడు.

తాటిమట్ట:
😀 అది మర్చిపోయా.

ఒలీవకొమ్మ:
బేతేలు గురించి నా దగ్గర జవాబు లేదు. అయినా ఉజ్జీవం కాదని మాత్రం ఒప్పుకోను. హుల్దా చెప్పిన ఆ మెత్తబడ్డ మనసు అబద్ధం కాదు. ఆ కుంది ఏమైంది తర్వాత?

కరణంగారి మనవడు:
పాతసామాన్లవాడికి వేశారు. కిలోల లెక్కన.

మట్టిపలక:
12వ ఏడా, 18వ ఏడా అన్నది ఇంకా ఎవరూ చెప్పలేదు.