ఒకే హాల్లో 12 మంది వేడి మైనంతో బొమ్మలు వేయాలంటే కరెంటు, గాలి, మైనం లెక్కలేంటి?

మొగల్రాజపురం కుంచె:

అందరికీ నమస్కారం. జనవరిలో విజయవాడలో 12 మంది చిత్రకారులం ఒక రోజంతా కూర్చుని ఎన్‌కాస్టిక్ చేద్దామనుకుంటున్నాం. అంటే కరిగించిన మైనంలో రంగు కలిపి వేడిగా ఉండగానే వేసే పద్ధతి. అందరికీ ఆయిల్, అక్రిలిక్ బాగా వచ్చు, ఇద్దరికి బాతిక్ (గుడ్డ మీద మైనం పూసి రంగు అద్దే పద్ధతి) వచ్చు. వేడి మైనంతో బొమ్మ వేయడం మాత్రం ఎవరికీ అలవాటు లేదు.

హాలు మొదటి అంతస్తులో ఉంది. 20 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు. ఎదురెదురు గోడలకు కిటికీలు, పైన మూడు సీలింగ్ ఫ్యాన్లు. గోడకు 6 ఆంపియర్ల సాకెట్లు నాలుగు, ఏసీల కోసం పెట్టిన 16 ఆంపియర్ల సాకెట్లు రెండు. తలా 8 అంగుళాల చదరపు బొమ్మలు రెండేసి వేయించాలి.

అనుకున్న సామాను ఇదీ: మూడు ఎలక్ట్రిక్ పెనాలు, నాలుగు హీట్ గన్లు (వేడి గాలి ఊదేవి), కొవ్వొత్తుల మైనం, పూజా సామాన్ల కొట్లో దొరికే గుగ్గిలం, ప్రైమర్ కొట్టిన కాన్వాసు. ఇందులో ఏది సరిపోతుంది, ఏది తేడా కొడుతుంది? మైనం ఎంత కావాలి?

తేనెతుట్టె:

కాన్వాసు, కొవ్వొత్తుల మైనం, గుగ్గిలం, ఈ మూడూ మార్చాలండీ.

కాన్వాసు వంగుతుంది, ఆరిన మైనం వంగదు. చుట్టినా, వేలితో నొక్కినా పెళ్లలు లేస్తాయి. పైగా అక్రిలిక్ ప్రైమర్ ప్లాస్టిక్ పొరలాంటిది, మైనాన్ని లోపలికి పీల్చుకోనివ్వదు. ఆ రోజు బాగానే కనిపించినా తర్వాత గోరు తగిలితే ఊడొస్తుంది. 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ చదరాలు కోయించండి. లామినేట్, వార్నిష్ ఏదీ ఉండకూడదు. తెల్లటి అడుగుపూత కావాలనుకునేవాళ్లు సుద్దపొడిని వడ్రంగులు వాడే వజ్రం జిగురుతో కలిపి పల్చగా మూడు నాలుగు పూతలు వేసి, పూర్తిగా ఆరనిచ్చి గరుకు కాగితం పట్టాలి. లేకపోతే ఉత్త చెక్క చాలు.

కొవ్వొత్తుల మైనం అంటే దాదాపుగా పారఫిన్. ఇక్కడ మీ బాతిక్ వాళ్లు పొరబడే అవకాశం ఉంది. బాతిక్‌లో పగుళ్ల గీతలు రావాలని పారఫిన్ కావాలనే కలుపుతారు. ఆ పెళుసుతనమే ఇక్కడ కొంప ముంచుతుంది. బాతిక్‌లో గానీ, మన తీరాన పాత అద్దకాల్లో నీలి రంగు అంటకుండా మైనం పూసేవారే, అందులో గానీ, మైనం చివరికి ఊడిపోయేదే. ఇక్కడ మైనమే రంగు, అదే మిగలాలి. ఈజిప్టులోని ఫయూమ్‌లో క్రీ.శ. 1 నుంచి 3 శతాబ్దాల నాటి మమ్మీ ముఖచిత్రాలు చాలావరకు చెక్క మీద తేనెమైనంతో వేసినవే. ఇప్పటికీ కళ్లల్లో తడి ఉన్నట్టే కనిపిస్తాయి.

కాబట్టి తేనెమైనమే తెప్పించండి. చేతిలో కాసేపు నలిపితే మెత్తబడి సాగుతుంది, తేనె వాసన వస్తుంది. పారఫిన్ జిడ్డుగా తగిలి, పొడిపొడిగా విరుగుతుంది. పసుపుపచ్చ మైనంలో నీలం కలిపితే ఆకుపచ్చకు తిరుగుతుంది, తెలుపు వెన్నరంగుకు వస్తుంది. అందుకని నీలం, తెలుపు కోసం వడకట్టి తెల్లబరిచిన మైనం వేరుగా పెట్టుకోండి.

పూజా కొట్లో గుగ్గిలం అని ఇచ్చేది ఒక్కో చోట ఒక్కో జిగురు. బెరడు, మట్టి కలిసి ఉంటుంది. పొగ వేయడానికి సరిపోతుంది గానీ రంగులోకి పనికిరాదు. సాంబ్రాణి అసలే వద్దు. చిత్రకళ సామాను అమ్మేచోట డామర్ అనే చెట్టు జిగురు స్ఫటికాలు అడగండి. తూకంలో 8 పాళ్ల మైనానికి 1 పాలు డామర్. మైనం గట్టిపడి, గుడ్డతో రుద్దినప్పుడు మెరుపు నిలవడానికే అది. ఎక్కువైతే పెళుసెక్కుతుంది.

ఇక లెక్క. 8 అంగుళాల చదరమంటే సుమారు 400 చదరపు సెంటీమీటర్లు. పొరలన్నీ కలిపి ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం అనుకుంటే బొమ్మకు 58 గ్రాములు. 24 బొమ్మలకు 1.4 కిలోలు. డబ్బాల్లో, కుంచెల్లో, గీకేసిన దానిలో దాదాపు అంతే పోతుంది. 2.7 కిలోలు చేయండి: మైనం 2.4 కిలోలు, డామర్ 300 గ్రాములు.

ఇది ముందురోజే కలిపి ఉంచాలి. మైనం కరిగాక నలగ్గొట్టిన డామర్ కొంచెం కొంచెంగా వేసి కలుపుతూ ఉండాలి. డామర్ కరగడానికి 110 డిగ్రీల దరిదాపు వేడి కావాలి, అందుకే ఈ ఒక్క పని ఆరుబయట చేయాలి. అంతా కరిగాక నూలుగుడ్డలో వడకట్టి, చిల్లుల్లేని ఇడ్లీ రేకుల్లో పోస్తే బిళ్లలు వస్తాయి, పంచడం తేలిక. ఆ రేకులు మళ్లీ వంటింట్లోకి వెళ్లకూడదు.

ఫేజు వైరు:

నేను కరెంటు మటుకే చెబుతాను. ఇందులో పెద్ద ప్రమాదం మైనం కంటే ముందు ప్లగ్గు దగ్గరే ఉంది.

230 వోల్టుల దగ్గర 6 ఆంపియర్ల సాకెట్ 1,380 వాట్ల వరకే. 1,500 వాట్ల పెనం, 1,800 వాట్ల హీట్ గన్, రెండూ దాని మీద పెట్టకూడనివే. 16 ఆంపియర్ల సాకెట్ 3,680 వాట్ల దాకా మోస్తుంది. మీ మూడు పెనాలు, నాలుగు గన్లు కలిపి 11,700 వాట్లు, అంటే 51 ఆంపియర్లు. ఈ హాలుకు అది కుదరదు.

ఇలా సర్దుకోవచ్చు. ఒక 16 ఆంపియర్ల సాకెట్ మీద రెండు పెనాలు, 3,000 వాట్లు. రెండోదాని మీద ఒక పెనం, ఒకే ఒక్క పెద్ద హీట్ గన్, 3,300 వాట్లు. మిగతావాళ్లకు 350 వాట్ల ఎంబాసింగ్ గన్లు, అంటే చిన్న సైజు హీట్ గన్లు, నాలుగు తెప్పించి 6 ఆంపియర్ల సాకెట్లకు ఇవ్వండి. 8 అంగుళాల బొమ్మకు అవే నయం, గాలి మెల్లగా వస్తుంది కనుక రంగు చెదరదు. మొత్తం 7,700 వాట్లు, 33 ఆంపియర్లు దాటుతుంది. బిల్లు మీద లోడ్ ఎన్ని కిలోవాట్లుందో, త్రీ ఫేజా కాదా, ఆ రెండు ఏసీ సాకెట్లకు వేర్వేరు ఎంసీబీలు (లోడ్ ఎక్కువైతే కరెంటు ఆపేసే స్విచ్చులు) ఉన్నాయా అన్నది ఎలక్ట్రీషియన్‌తో ముందే చూపించండి. ఆ రోజు ఏసీలు నడవవు, జనవరి కాబట్టి పర్వాలేదు.

ఎక్స్‌టెన్షన్ వైరు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగిది, 16 ఆంపియర్ల ప్లగ్గుతో ఉండాలి. చుట్ట విప్పకుండా వాడితే చుట్ట లోపల వేడెక్కి తొడుగు కరుగుతుంది. అరగంట తర్వాత ప్లగ్గు మీద చేయి పెట్టి చూడండి. చురుక్కుమంటే లోడ్ తీసేయాలి.

కరెంటు పోతే మొట్టమొదట హీట్ గన్ల స్విచ్చులు ఆపించండి. ఆన్‌లోనే బల్ల మీద వదిలేస్తే, కరెంటు వచ్చేసరికి అది కాగితాల వైపు ఊదుతూ ఉంటుంది, చుట్టుపక్కల ఎవరూ ఉండరు.

మొగల్రాజపురం కుంచె:

చాలా ఉపయోగపడింది, ఇద్దరికీ ధన్యవాదాలు. పెనం ఎంత వేడిలో ఉంచాలి? ఫ్యాన్లు వేసుకోవచ్చా? రంగుల సంగతి కూడా ఎవరైనా చెబితే మేలు.

గుంటూరు ప్యాలెట్:

తేనెమైనం 62 నుంచి 64 డిగ్రీల మధ్య కరుగుతుంది. పెనం మీద పెట్టిన డబ్బాలో రంగు 80, 90 మధ్య ఉండాలి. 95 దాటనివ్వకండి. కంటికి పొగ కనిపించిందంటే ఎప్పుడో దాటిపోయిందన్నమాట. కాలిన మైనం ఆవిరి కళ్లను, గొంతును మండిస్తుంది. దోసె పెనం మీద నీళ్లు చిలకరించి చూసే అలవాటు ఇక్కడ పనికిరాదు. నీళ్లు చుయ్‌మన్నాయంటే పెనం 100 దాటినట్టే, ఒక చుక్క డబ్బాలో పడితే మైనం చేతి మీదికి చిమ్ముతుంది. ఒక్కో పెనానికి ఒక థర్మామీటరు పెట్టండి. లేజర్ థర్మామీటరైతే మెరిసే లోహం మీద తక్కువ చూపిస్తుంది, దాన్ని కరిగిన మైనం మీద పట్టాలి.

సీలింగ్ ఫ్యాన్లు మూడూ ఆపాల్సిందే. కుంచె డబ్బా నుంచి చెక్క చేరేలోపే మైనం గడ్డకడుతుంది, ఆవిరి బయటికి పోకుండా మనుషుల ముఖాల మీదే తిరుగుతుంది. ఒక కిటికీలో బయటికి ఊదేలా ఎగ్జాస్ట్ ఫ్యాన్ బిగించి, పెనాల బల్లలు ఆ గోడకే వేయండి. ఎదురు కిటికీ తెరిచి ఉంచితే గాలి మనిషి వీపు వైపు నుంచి వచ్చి పెనం మీదుగా బయటికి పోతుంది.

కుంచెలు పందివెంట్రుకలవి. నైలాన్‌వి వేడికి వంకర్లు తిరిగి కరుగుతాయి. ఒక రంగుకు ఒక కుంచె, కడగడం ఉండదు, గట్టిపడితే పెనం మీద పెడితే చాలు.

పని మొదలుపెట్టేముందు చెక్కను అరచేతికి వెచ్చగా తగిలేదాకా వేడిచేయాలి. చల్లటి చెక్క మీద వేస్తే మైనం అంటుకోదు, చెక్క రంధ్రాల్లోని గాలి తర్వాత వేడికి ఉబ్బి సూది మొనంత బుడగలుగా పైకొస్తుంది. మొదటి పూత రంగు లేని మైనం. ఆపైన ప్రతి పూతనూ హీట్ గన్‌తో కింది పూతలోకి కరిగించి అతికించాలి. అసలు విద్యంతా ఇదే, అందుకే దీనికి ఎక్కువ సమయం కేటాయించండి. గన్ 4, 5 అంగుళాల ఎత్తున పట్టి ఆపకుండా కదుపుతుంటే, ముందు కుంచె గీతల గట్లు మాత్రమే నూనె తగిలినట్టు మెరుస్తాయి. మరుక్షణం ఆ మెరుపు పల్లాల్లోకి పాకి, మొత్తం ఒకే నిగారింపుకు వస్తుంది. అక్కడే గన్ పక్కకు తీసేయాలి. రంగు కదలడం మొదలైతే ఆలస్యమైనట్టే, అంచులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. అసలు మెరవకముందే ఆపేస్తే ఆ పూత పొరగా విడిగానే ఉండిపోతుంది, రేపో మాపో రేకులా లేస్తుంది. నిగారింపు మసకబారేదాకా ఆగి తర్వాతి పూత వేయాలి.

రంగుల్లో ముగ్గు రంగులు, కుంకుమ వద్దు. అవి పిండికో సుద్దకో అద్దిన రంగులు, వెలుతురుకు వెలిసిపోతాయి. జాజు వాడొచ్చు, చక్కటి ఎరుపు. గుడ్డలో జల్లించి, ఎండలో బాగా ఆరబెట్టి కలపండి, తేమ ఉంటే మైనం చిటపటమంటుంది. పొడి రంగులు కలిపేటప్పుడు మాస్కు తప్పనిసరి. సీసం, కాడ్మియం ఉన్న పొడులు హాల్లోకే రానివ్వకండి. మీ వాళ్లందరి దగ్గర ఆయిల్ ట్యూబులుంటాయి కదా, రాత్రి ఆ రంగును కాగితం మీద పిండి పెడితే తెల్లారేసరికి నూనె చాలావరకు దిగిపోతుంది. ఆ ముద్దను పదో వంతుకు మించకుండా కలిపితే సరి. నూనె ఎక్కువైతే మైనం ఎప్పటికీ గట్టిపడదు.

కృష్ణలంక కాన్వాసు:

ఎవరైనా గ్యాస్ టార్చ్ తెస్తామంటే ఒప్పుకోకండి. ఒంటరిగా పనిచేసేటప్పుడు మంచి పనిముట్టే గానీ, 300 చదరపు అడుగుల్లో 12 మంది మధ్య బహిరంగ మంట వద్దు.

ప్రతి డబ్బాకు సరిపోయే మూత చేతికందేలా ఉంచండి. అంటుకుంటే మూత వేసి స్విచ్ ఆపడమే, నీళ్లు పోస్తే మండుతున్న మైనం గదంతా చిమ్ముతుంది. మంటలార్పే డ్రై పౌడర్ సిలిండరు ఒకటి తలుపు దగ్గర, పెనాలకు దూరంగా ఉండాలి.

చేతి మీద మైనం పడితే వెంటనే కుళాయి ధార కింద 20 నిమిషాలు. అతుక్కున్న మైనాన్ని పీకితే చర్మం దాంతోపాటే వస్తుంది, అలాగే వదిలి డాక్టరుకు చూపించండి. ఐసు, టూత్‌పేస్టు, సిరా ఏవీ రాయొద్దు. నూలు బట్టలు, కాళ్లు కప్పే బూట్లు వేసుకు రమ్మని ముందే చెప్పండి. సింథటిక్ చున్నీలు, పైట కొంగులు బిగించి కట్టుకోవాలి.

బొమ్మలు ఇంటికి తీసుకెళ్లేటప్పుడు బటర్ పేపర్ కప్పి, రెండు బొమ్మల మధ్య అట్ట పెట్టి, నిలబెట్టి తీసుకెళ్లండి. బబుల్ షీట్ మైనానికి తగిలితే బుడగల అచ్చు పడుతుంది. ఎండలో నిలిపిన కారులో మాత్రం వదలకూడదు, మన ఎండలకు లోపలి వేడి మైనం కరిగేదాకా పోగలదు. కొన్నాళ్లకు పైన తెల్లటి బూజులా కమ్మితే అది బూజు కాదు, మైనం స్వభావమే. మెత్తటి నూలుగుడ్డతో మెల్లగా రుద్దితే పోతుంది.