స్తుతి, ఒప్పుకోలు అయ్యాకే అడగాలా? ప్రార్థనకు వరుస తప్పనిసరా?

ద్రాక్షావల్లి:
అందరికీ వందనాలు. విశ్వాసంలోకి కొత్తగా వచ్చినవాళ్లకు ప్రార్థన నేర్పే క్లాసు నాకు అప్పగించారు. చాలా సంఘాల్లో నేర్పే వరుస మీకు తెలిసిందే: ముందు స్తుతి, తర్వాత పాపాల ఒప్పుకోలు, ఆపైన కృతజ్ఞత, చివర్లో విన్నపం. పోయిన వారం ఒక అక్క ఈ నాలుగూ చీటీ మీద రాసుకొచ్చింది. కానీ కళ్లు మూసుకోగానే కొడుకు జబ్బు గురించి ఏడుస్తూ చెప్పేసింది. మధ్యలో చీటీ గుర్తొచ్చి ఠక్కున ఆగి, "క్షమించండి, స్తుతి మరిచిపోయాను" అని మళ్లీ మొదటికొచ్చింది. ఈసారి కొడుకు మాట వచ్చేసరికి అప్పజెప్పినట్టు చెప్పింది. వరుస పాటించకుండా దేవుని దగ్గరికి వెళ్లకూడదా? మీరేమంటారు?

సీయోను బాట:
వరుస ఉండాల్సిందే సిస్టర్. కృతజ్ఞతతో ఆయన గుమ్మాల్లో ప్రవేశించమని 100వ కీర్తన చెబుతోంది. అపొస్తలుల కార్యములు 4వ అధ్యాయం చూడండి. యేసు శిష్యులైన పేతురునూ యోహానునూ యూదుల పెద్దలు బెదిరించి వదిలిపెట్టాక విశ్వాసులంతా కూడి ప్రార్థించారు. వాళ్ల నోట మొదట వచ్చింది ఆ బెదిరింపు కాదు. ఆకాశాన్నీ భూమినీ సముద్రాన్నీ చేసిన దేవుడివి నువ్వు అని మొదలుపెట్టారు. దానియేలు 9లో కూడా అంతే, యెరూషలేము కోసం బతిమాలే ముందు తన జనం పాపమంతా ఒప్పుకుంటాడు. ఇప్పుడు మనం ఉద్యోగం కావాలి, పెళ్లి కావాలి అని అడిగేసి లేచిపోతున్నాం. ఎవరి ముందు నిలబడ్డామో గుర్తుండటం లేదు. నాకు బాధగా ఉంది.

నిరీక్షణ:
అన్నా, మీరు చూపిన వాక్యాలను నేను కాదనను. కానీ ప్రభువు నేర్పిన ప్రార్థనను ఒకసారి నెమ్మదిగా చదవండి. తండ్రి నామం, రాజ్యం, చిత్తం ముందు వస్తాయి. అంతవరకు మీ మాటే నిజం. ఆ తర్వాత వచ్చేది అనుదినాహారం. క్షమించమని అడగడం దాని తర్వాతే. మత్తయి 6లోనూ అంతే, లూకా 11లోనూ అంతే. ఒప్పుకోలు అయ్యేదాకా ఏమీ అడగకూడదన్నది నియమమే అయితే, ప్రభువే దాన్ని పాటించలేదని చెప్పాల్సి వస్తుంది.

నీళ్లలో మునిగిపోతూ పేతురు "ప్రభువా, నన్ను రక్షించు" అన్నాడు, అంతే. వెంటనే చెయ్యి అందింది. గుడ్డివాడైన బర్తిమయి కేకలు వేస్తుంటే ఊరుకోమన్నది చుట్టూ ఉన్న జనం. యేసు ఆగి, అతన్ని పిలిపించాడు. ఇక 13వ కీర్తన "యెహోవా, ఎన్నాళ్లవరకు" అని నిలదీస్తూనే మొదలవుతుంది. 88వ కీర్తనైతే చివరి మాటదాకా చీకట్లోనే ఉంటుంది, స్తుతి దాకా రానే రాదు. అలాంటి మొరను కూడా దేవుడు తన ప్రజల నోట ఉంచాడు. నాకు ఇది ఎంత ఆదరణో చెప్పలేను.

"ధైర్యముతో కృపాసనమునొద్దకు చేరుదము" అని హెబ్రీ 4:16లో ఉంది. కృపాసనం అంటే కృప చూపే దేవుని సింహాసనం. ఆ ధైర్యం ఎక్కడిదో పై వచనంలోనే చెప్పారు: మన బలహీనతలు ఎరిగిన ప్రధానయాజకుడు, అంటే యేసు, మనకున్నాడు. మన మాటలు వరుసగా కుదిరినందుకు వచ్చే ధైర్యం కాదది. ఆ అక్క మొదటిసారి చేసింది ప్రార్థనే. దాన్ని మధ్యలో ఆపింది మనం నేర్పిన భయం.

సీయోను బాట:
భయం అనకండి, భక్తి అనండి. హృదయంలో పాపాన్ని లక్ష్యం చేస్తే ప్రభువు వినడని 66వ కీర్తన అంటోంది. అర్పణను బలిపీఠం దగ్గరే వదిలి, ముందు వెళ్లి సహోదరుడితో సమాధానపడమని యేసే చెప్పాడు. దీనికేమంటారు?

నిరీక్షణ:
అక్షరాలా ఒప్పుకుంటాను. పాపాన్ని వదలడం ఇష్టంలేక గుండెలో దాచుకుని, పైకి ప్రార్థించేవాడి గురించి ఆ మాట. అతను వరుస తప్పకుండా నాలుగూ చెప్పినా ప్రయోజనం లేదు. కొడుకు మంచం పక్కన కూర్చున్న తల్లికి ఆ వచనం ఎందుకు చూపించాలి? యేసు చెప్పిన ఉపమానంలో, దేవాలయంలో పరిసయ్యుడు (ధర్మశాస్త్రాన్ని నిష్ఠగా పాటించేవాడు) కృతజ్ఞతతోనే మొదలుపెట్టాడు, గమనించారా? ఇంటికి నీతిమంతుడిగా వెళ్లింది మాత్రం రొమ్ము కొట్టుకుంటూ ఒక్క మాట అన్న సుంకరి, అంటే జనం పాపిగా చూసే పన్ను వసూలుదారుడు.

చిన్న మంద:
పర్షియా రాజు కొలువులో ఉన్న యూదుడు నెహెమ్యాను కూడా చూడండి. యూదుల కిస్లేవు నెలలో యెరూషలేము పాడైపోయిందన్న వార్త విని ఏడ్చి, ఉపవాసముండి ప్రార్థించాడు. అందులో స్తుతి, ఒప్పుకోలు, విన్నపం అన్నీ వరుసగా ఉన్నాయి. నాలుగు నెలల తర్వాత, నీసాను నెలలో, రాజు "నీకేం కావాలి" అని అడిగాడు. జవాబు చెప్పే ముందు అక్కడే నిలబడి దేవునికి ప్రార్థించాడు. రాజు ఎదురుచూస్తున్నాడు కదా, ఎంతసేపు చేసుంటాడు? అన్ని రోజులు దేవుని ముందు కూర్చున్న మనిషి కాబట్టే ఆ క్షణంలో టెన్షన్ పడకుండా ఆయన వైపు తిరగగలిగాడని నా నమ్మకం. వరుస నేర్పండి సిస్టర్, తాళంచెవిలా మాత్రం ఇవ్వకండి.

ద్రాక్షావల్లి:
అందరికీ కృతజ్ఞతలు. వచ్చే క్లాసులో చీటీలు పక్కనపెట్టి ప్రభువు నేర్పిన ప్రార్థననూ 13వ కీర్తననూ కలిపి చదివిస్తాను. ఆ అక్కతో ముందుగా నేనే విడిగా మాట్లాడి, ఇద్దరం కలిసి కొడుకు కోసం ప్రార్థిస్తాం. స్తుతి గురించి సీయోను బాట అన్న చెప్పింది కూడా వదలను.

సీయోను బాట:
నా అభిప్రాయం మారలేదు సిస్టర్, కానీ ఆ బాబు కోసం ఈ రాత్రే ప్రార్థిస్తాను. 13వ కీర్తన చదివించేటప్పుడు నాలుగో వచనం దగ్గర ఆపకండి. ఆరో వచనం దాకా చదివించండి, దావీదు పాట పాడేది అక్కడే.