రిలే టిక్కుమనట్లేదు: ఎన్‌ఈ555 బదులు టీఎల్‌సీ555 పెడితే ఏమైంది?

మెట్లలైటు:
మా మెట్ల దగ్గర 12 వోల్టుల ఎల్‌ఈడీ స్ట్రిప్ పెట్టాను. బటన్ నొక్కితే రెండు నిమిషాలు వెలిగి ఆరిపోవాలి. కరెంటు పోయినా పనిచేయాలని 12 వోల్టుల, 7 ఆంపియర్ అవర్ యూపీఎస్ బ్యాటరీకి కలిపాను. సర్క్యూట్ మామూలు 555 టైమర్ ఐసీతో మోనోస్టేబుల్ (ఒకసారి నొక్కితే కొంతసేపు ఆన్ అయి తనంతట ఆరేది): 1 మెగాఓమ్ రెసిస్టర్, 100 మైక్రోఫారడ్ కెపాసిటర్, ఔట్‌పుట్ అయిన మూడో పిన్ను నుంచి నేరుగా 12 వోల్టుల రిలే (కాయిల్‌తో నడిచే స్విచ్). బ్రెడ్‌బోర్డ్ మీద ఎన్‌ఈ555తో బ్రహ్మాండంగా నడిచింది. పీసీబీకి, అంటే టంకం వేసే అసలు బోర్డుకి, ఇంకోటి కొనబోతే, అది లేదని టీఎల్‌సీ555 చేతిలో పెట్టారు. పిన్నులు అవే, రెండూ ఒకటే అన్నారు. ఇప్పుడు బటన్ నొక్కితే మూడో పిన్నులో వోల్టేజ్ కొంచెం లేస్తుంది, రిలే మాత్రం కదలదు. ఐసీ పోయిందంటారా? ఇంకొకటి, పెరట్లో డ్రిప్ వాల్వ్‌కి ఇదే సర్క్యూట్‌తో అరగంట టైమ్ వస్తుందా?

పాతరేడియో:
ఐసీ బాగానే ఉంటుంది బ్రదర్. రిలే తీసేసి 2.2 కిలోఓమ్ రెసిస్టర్ పెట్టి ఒక ఎల్‌ఈడీ వెలిగించి చూడు.

టంకంపొగ:
పైన చెప్పినట్టు చేస్తే ఎల్‌ఈడీ వెలుగుతుంది, పందెం. పాలిటెక్నిక్ ల్యాబ్‌లో పిల్లలు తెచ్చే 555 బోర్డుల్లో ఈ తంటా నాకు మామూలే.

లోపల జరిగేది రెండింట్లోనూ ఒకటే. మూడు సమాన రెసిస్టర్లు సప్లైని మూడు వాటాలు చేస్తాయి. బటన్ నొక్కినప్పుడు రెండో పిన్ను సప్లైలో మూడో వంతు కంటే కిందికి పడుతుంది, ఫ్లిప్‌ఫ్లాప్ (ఆన్, ఆఫ్ గుర్తుంచుకునే లోపలి భాగం) మారి ఔట్‌పుట్ పైకి లేస్తుంది. కెపాసిటర్ నిండుతూ మూడింట రెండు వంతులకి, అంటే మీకు 8 వోల్టులకి, చేరగానే ఔట్‌పుట్ పడిపోతుంది, ఏడో పిన్ను కెపాసిటర్‌ని ఖాళీ చేస్తుంది. సమయం 1.1 × ఆర్ × సీ. మీ విలువలకి 110 సెకన్లు. సప్లై కొంచెం అటూఇటూ అయినా సమయం మారదు, ఎందుకంటే ఆ మూడో వంతు, రెండు వంతుల హద్దులు కూడా సప్లైతోపాటే జరుగుతాయి. హాన్స్ కామెన్‌జిండ్ 1971లో సిగ్నెటిక్స్ కోసం డిజైన్ చేసిన ఈ లెక్కే ఇప్పటికీ నడుస్తోంది.

తేడా అంతా మూడో పిన్ను దగ్గర. ఎన్‌ఈ555 బైపోలార్ (పాత తరహా ట్రాన్సిస్టర్లతో చేసింది), 200 మిల్లీ ఆంపియర్ల దాకా ఇవ్వగలదు, లాగగలదు. టీఎల్‌సీ555 సీమాస్ (తక్కువ కరెంటుతో నడిచే రకం). కిందికి 100 మిల్లీ ఆంపియర్లు లాగుతుంది గానీ పైకి ఇచ్చేది 10 మాత్రమే. మీ చిన్న రిలే కాయిల్ సుమారు 400 ఓమ్‌లు ఉంటుంది, దానికి 30 కావాలి. వోల్టేజ్ సగంలో కూలబడటం అందుకే.

అలాగని ఎన్‌ఈ555కి పరిగెత్తకండి. అది ఊరికే కూర్చున్నా 12 వోల్టుల దగ్గర సుమారు 8 మిల్లీ ఆంపియర్లు తాగుతుంది, రోజుకి దాదాపు 0.2 ఆంపియర్ అవర్. టీఎల్‌సీ అర మిల్లీ ఆంపియర్ కూడా తీసుకోదు. ఎన్‌ఈ555కి ఇంకో జబ్బు ఉంది: ఔట్‌పుట్ మారే క్షణంలో పై ట్రాన్సిస్టర్, కింది ట్రాన్సిస్టర్ రెండూ తెరుచుకుని సప్లైలో 300 మిల్లీ ఆంపియర్ల దాకా కరెంటు దూసుకుపోతుంది. ఆసిలోస్కోప్‌లో సప్లై గీత మీద సన్నటి ముల్లులా కనిపిస్తుంది. అందుకే ఐసీ పక్కనే 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టమని చెవినిల్లు కట్టుకుని చెబుతాం.

మీ బోర్డులో మూడో పిన్ను నుంచి 4.7 కిలోఓమ్ ద్వారా బీసీ547 ట్రాన్సిస్టర్ బేస్‌కి, ఎమిటర్ గ్రౌండ్‌కి, రిలే ప్లస్‌కీ కలెక్టర్‌కీ మధ్య. కాయిల్‌కి అడ్డంగా 1ఎన్4007 డయోడ్, గీత ఉన్న వైపు ప్లస్‌కి. అయిపోయింది.

అరగంటకి మాత్రం 555 వద్దు. 1.1 లెక్కలో 1 మెగాఓమ్‌కి 1600 మైక్రోఫారడ్ కావాలి. 8 వోల్టుల దగ్గర ఆ రెసిస్టర్ ఇచ్చే కరెంటు 4 మైక్రో ఆంపియర్లే. అంత పెద్ద ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ లీకేజీ (లోపలే కారిపోయే కరెంటు) అంతకంటే ఎక్కువైతే కెపాసిటర్ 8 వోల్టులకి ఎప్పటికీ చేరదు, మీ వాల్వ్ తెల్లారేదాకా తెరిచే ఉంటుంది.

సీడీ4060 ఐసీ తీసుకోండి. లోపల పల్సులు పుట్టించే ఆసిలేటర్, వాటిని లెక్కపెట్టే 14 అంచెల కౌంటర్ ఉంటాయి. 1 మెగాఓమ్, 0.1 మైక్రోఫారడ్ పాలిస్టర్ కెపాసిటర్‌తో ఒక్కో పల్స్ 2.3 × ఆర్ × సీ, అంటే 0.23 సెకను. 8192 పల్సులకి దాని మూడో పిన్ను లేస్తుంది: సుమారు 31 నిమిషాలు.

చిప్పుగాడు:
2026లో ఇన్ని చిప్పులా మేడమ్? ఎనిమిది కాళ్ల మైక్రోకంట్రోలర్ ఒక్కటి పెడితే మెట్లూ పెరడూ రెండూ అయిపోతాయి.

టంకంపొగ:
అవుతాయి, కాదనను. కానీ దానికి ప్రోగ్రామ్ ఎక్కించే పరికరం, 5 వోల్టుల రెగ్యులేటర్ కావాలి. బ్యాటరీ ఛార్జింగ్‌లో 14 వోల్టులకి లేచినా టీఎల్‌సీ తట్టుకుంటుంది, దాని హద్దు 15.

మెట్లలైటు:
బీసీ547 పెట్టాను, రిలే టిక్కుమంది! థాంక్యూ మేడమ్. 4060లో మూడో పిన్ను అరగంట తర్వాత లేస్తుందన్నారు కదా, మరి వాల్వ్ అప్పుడు తెరుచుకుంటుందేమో?

టంకంపొగ:
సరిగ్గా పట్టుకున్నారు. అక్కడ 547 కాదు, పీఎన్‌పీ బీసీ557 వాడండి. ఎమిటర్ ప్లస్‌కి, బేస్ 10 కిలోఓమ్‌తో మూడో పిన్నుకి, రిలే కలెక్టర్‌కీ గ్రౌండ్‌కీ మధ్య. కాయిల్ డయోడ్ ఇక్కడా తప్పదు, గీత కలెక్టర్ వైపు. మూడో పిన్ను కిందున్నంతసేపు రిలే ఆన్. లేచాక లెక్క మళ్లీ మొదలవకుండా మూడో పిన్ను నుంచి ఆసిలేటర్ ఉండే పదకొండో పిన్నుకి 1ఎన్4148 డయోడ్, గీత పదకొండు వైపు. బటన్‌ని ప్లస్‌కీ, లెక్కని సున్నా చేసే పన్నెండో పిన్నుకీ (రీసెట్) మధ్య పెట్టి, పన్నెండుని 10 కిలోఓమ్‌తో గ్రౌండ్‌కి కట్టండి.