ప్రధాన సంఖ్యా, అభాజ్య సంఖ్యా?

ఒకటితోనూ తనతోనూ తప్ప మరే సంఖ్యతోనూ శేషం లేకుండా భాగించలేని 2, 3, 5 వంటి సంఖ్యలకు (ప్రైమ్ నంబర్లకు) మన పాఠ్యపుస్తకాల్లోని ‘ప్రధాన సంఖ్య’ కంటే హిందీవారి ‘అభాజ్య సంఖ్య’ (భాగించలేనిది) అర్థవంతంగా ఉందని ఒక సభ్యులు నిన్న రాశారు. పొరుగు భాషలు చాలావరకు వారి పక్షానే ఉన్నాయి: తమిళులు ‘పగా ఎణ్’ అంటారు, కన్నడిగులు ‘అవిభాజ్య సంఖ్యె’ అంటారు, మలయాళంలోనూ ‘అభాజ్యసంఖ్య’ ఉంది. మరాఠీవారి ‘మూళ సంఖ్యా’, బెంగాలీల ‘మౌలిక సంఖ్య’ వేరే దారి పట్టాయి. అయినా నా ఓటు ‘ప్రధాన’కే.

దాని లోపం ముందే ఒప్పుకుంటాను. గ్రీకులు ఈ సంఖ్యలను ‘ప్రోతోస్’ అన్నారు, అంటే మొదటివి. లాటిన్ ‘ప్రీముస్’కూ అదే అర్థం. ఆ లెక్కన మనకు రావలసినది ‘ప్రథమ సంఖ్య’. పైగా ప్రధానం కాని 4, 6 వంటి వాటికి పెట్టిన ‘సంయుక్త’ అనే పేరు ‘ప్రధాన’కు వ్యతిరేకపదమే కాదు.

‘అభాజ్య’ బలం పెద్ద సంఖ్య దగ్గర తెలుస్తుంది. ముప్పై ఒక్క రెళ్లను వరుసగా గుణించి, వచ్చిన దానిలోంచి ఒకటి తీసివేస్తే 214,74,83,647 వస్తుంది. ఇది ప్రధాన సంఖ్యేనని గణితవేత్త ఆయిలర్ 1772 నాటికి నిరూపించారు. దీని వర్గమూలం 46,340 పైచిలుకు కాబట్టి అంతవరకు భాజకాల కోసం వెతికితే చాలు. ఆయన ఆ పనిని కూడా తగ్గించి, భాజకమంటూ ఉంటే దానిని 248తో భాగించినప్పుడు 1 గాని 63 గాని శేషంగా మిగలాలని చూపారు. ఈ నియమానికి లోబడే ప్రధాన సంఖ్యల్లో మొదటిది 311. దానితో మన సంఖ్యను భాగిస్తే భాగఫలం 69,05,092 వచ్చి, 35 మిగులుతుంది. అలా చివరిదాకా ప్రతి భాగహారంలోనూ ఎంతో కొంత శేషం మిగలడమే నిరూపణ కనుక, ఇక్కడ ‘అభాజ్య’ అతికినట్టు సరిపోతుంది.

చిక్కు 1 అనే సంఖ్య దగ్గర వస్తుంది. విడగొట్టలేకపోవడమే లక్షణమైతే 1 కూడా అభాజ్యమే. గణితం మాత్రం దానిని బయటే ఉంచింది. ఎందుకంటే 12ను ప్రధాన సంఖ్యల లబ్ధంగా 2×2×3 అని, క్రమం సంగతి వదిలేస్తే, ఒకే విధంగా రాయగలగాలి, 1ని చేర్చుకుంటే 1×2×2×3, 1×1×2×2×3 అంటూ పోవడానికి అంతుండదు. అంటే వీటి విశేషం విడిపోకపోవడంలో కంటే, ఒకటికి మించిన మిగతా పూర్ణసంఖ్యలన్నీ వీటి లబ్ధాలే కావడంలో ఎక్కువగా ఉంది. ఆ పెద్దరికాన్ని ‘ప్రధాన’ శబ్దం, పొరపాటున వచ్చిందే అయినా, చక్కగా చెబుతోంది. భాగహారంలో ‘విభాజ్యం’ (భాగించవలసిన సంఖ్య) నేర్చుకుంటున్న పిల్లవాడికి ‘అభాజ్యం’ తెచ్చే తికమక కూడా తప్పుతుంది.

కొందరు వాడే ‘ప్రధానాంకం’ మాత్రం నాకు రుచించదు. 2024 అక్టోబరులో ప్రకటించిన ప్రధాన సంఖ్యలో 4,10,24,320 అంకెలున్నాయి. అంతటి దానిని అంకమనడం ఎలా? మరి భాజకానికి వాడే ‘కారణాంకం’లోనూ అంకం ఉంది కదా, దాని సంగతేమిటని అడుగుతారేమో. అది ఎప్పుడో స్థిరపడిపోయింది, దాని జోలికి నేను పోను.